అత్త నడవగల దారి

వైశాలి నగర్ మావయ్యగారు పోయారు. దసరా వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న పెరట్లో మొహం కడుక్కుంటూ కూలబడ్డారట. మళ్ళీ లేవలేదు. కబురు ముందు మా నాన్నకి వచ్చింది. "మావయ్య పోయాడమ్మా" అన్నారు నాతో. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఆదివారం మరి..." అని ఆగిపోయారు.

ఆ ఆదివారం అత్తని మొదటిసారి కొండ అవతలి చెరువు దగ్గరికి తీసుకువెళ్ళాలని మావయ్యగారు అనుకున్నారు. ఆ సంగతి ఆయనకి, నాన్నకి, నాకు తెలుసు. అత్తకి తెలియదు.

ఆయన మాకు చుట్టం కాదు. సెక్టర్ 2లో మా పక్క క్వార్టర్ వాళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊళ్ళో ఉక్కు ప్లాంటుకి వచ్చి, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యారు. తర్వాత వైశాలి నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే. హిందీ వాళ్ళ పిల్లలు 'మావయ్యజీ' అనేవారు.

చలికాలంలో నెలకొక ఆదివారం, రాగలిగిన కుటుంబాలన్నిటినీ ఆయన ఇనప గనులున్న రాజహరా వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కించేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ ఆదివారం సెలవు దొరకడం కోసం పండగ రోజుల్లో తోటివాళ్ళ డ్యూటీలు తను చేసేవారు. దారిలో ఒక చిన్న స్టేషన్లో దిగి, ఊరు దాటి, సాల చెట్ల మధ్య నుంచి కొండ ఎక్కేవాళ్ళం. పైనుంచి అవతలి లోయ, అందులో చెరువు కనిపించేవి. అక్కడ అన్నాలు తిని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేసేవాళ్ళం. ఆ ఎర్రమట్టి బట్టలకి పట్టుకుంటే రెండు ఉతుకులకి గానీ వదలదు. అమ్మలు విసుక్కుంటే ఆయన, "మన ప్లాంటుకొచ్చే రాయి ఇదే కదమ్మా. అన్నం పెట్టిన మట్టి, కొంచెం అంటుకోనీ" అనేవారు.

నడకలో ఆయన పద్ధతి ఒకటుంది. అందరికన్నా చిన్న పిల్లని, లేకపోతే అందరికన్నా పెద్ద మామ్మని ముందు నడవమనేవారు. వాళ్ళని దాటి ఎవరూ పోకూడదు. గట్టి కాళ్ళున్న మగపిల్లలు గొణిగేవారు. ఆయన మాత్రం అందరి వెనక, భుజాన నీళ్ళ డబ్బాతో వచ్చేవారు. "నాను ఎనక ఉంటాను. ఎవులు కూకుంటే ఆళ్ళ కాడ నానూ కూకుంటాను" అనేవారు.

నాకు ఏడేళ్ళప్పుడు సగం దారిలో కూర్చుండిపోయాను. మిగతావాళ్ళ మాటలు చెట్ల వెనక సన్నగా వినిపిస్తున్నాయి. ఆయన వచ్చి పక్కన కూర్చుని, బూటు విప్పి మట్టి దులుపుకున్నారు.

"అలిసిపోనావా అమ్మీ, అలిగినావా?"

"రెండూ" అన్నాను.

"అయితే రెండు బిస్కెట్లు తినాల మరి."

ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు, నా చేత మాట్లాడించాలని కూడా చూడలేదు. స్కూల్లో సిస్టర్లూ ఇంట్లో చుట్టాలూ "నోరు విప్పవేమే" అనే రోజుల్లో, నా పక్కన ఊరికే కూర్చోగలిగిన పెద్దమనిషి ఆయనొక్కరే. బిస్కెట్లు అయ్యాక నేనే లేచాను.

కొండ మీద మేం తినే పులిహోర అత్త చేసేది. ఇరవై మందికి సరిపడా చేసి, డబ్బాల్లో సర్ది, ఆటో దగ్గరికి తెచ్చి ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడేది. పైన డబ్బాలు తెరిచినప్పుడు ఎవరో ఒకరు "మావయ్యజీ, మామీ కే హాథ్ మే జాదూ హై" అనేవారు. అత్త చేతిలో ఏదో మంత్రం ఉందని. ఆయన గర్వంగా నవ్వేవారు. ముప్పై ఏళ్ళు అలాగే జరిగింది. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నడిపించే ఆయన, ఇంట్లో ఉన్న మనిషిని వస్తావా అని అడగలేదు. మేమూ అడగలేదు. ఆ అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన పోయే ముందటి చలికాలం, ఒక ఆదివారం రాత్రి ఖాళీ డబ్బాలు ఇవ్వడానికి వెళ్తే, అత్త వాటిని కడుగుతూ అడిగింది.

"ఆ సెరువు పెద్దదా అమ్మీ? మన మరోదా టాంకంత ఉంటాదా?"

"చిన్నదే అత్తా. చుట్టూ కొండలుంటాయి. అందుకని పెద్దదిగా అనిపిస్తుంది."

"ఓహో" అంది. డబ్బా మూత తిప్పి తిప్పి కడిగింది.

ఆ మాట మావయ్యగారికి చెప్పాలో వద్దో నాకు తేలలేదు. నాలుగు రోజులు ఆగి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నన్నెప్పుడూ అడగనేదు" అన్నారు.

"మీరూ అడగలేదు కదా మావయ్యా" అన్నాను. నా జీవితంలో పెద్దవాళ్ళతో అలా అనడం అదే మొదలు. ఆయన కోప్పడలేదు. తల ఊపారు.

అప్పటికే అత్త మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు ఎక్కడం మానేసింది. పాత దారి ఆవిడకి పనికిరాదు. అందుకని మావయ్యగారు కొత్త దారి వెతకడం మొదలుపెట్టారు. తోడు నన్ను రమ్మన్నారు. లోయ అవతలి వైపు నుంచి పశువులు నడిచే బాట ఒకటుంది. దూరం ఎక్కువ, ఎత్తు తక్కువ. అక్కడ ఆయన సంచిలోంచి రెండు తువ్వాళ్ళు తీసి, మోకాళ్ళు వంగకుండా గట్టిగా బిగించి కట్టుకున్నారు.

"ఇప్పుడు నాను మీ అత్తని. ఏడ నొప్పెడితే ఆడ కూకుంటాను. నువ్వు గుర్తెట్టుకో."

కర్రలా బిగుసుకుపోయిన కాళ్ళతో ఆయన నడుస్తుంటే, గేదెలు తోలుకెళ్తున్న ఒక మనిషి నవ్వు ఆపుకుంటూ కాళ్ళకేమైందని అడిగాడు. "ఏ ఘుట్నా మేరా నహీఁ భయ్యా, ఘర్వాలీ కా హై" అన్నారు మావయ్యగారు. ఈ మోకాళ్ళు నావి కావు, మా ఇంటావిడవి అని. ఆ మనిషి ఇంక నవ్వలేదు. కొంచెం ముందు బురద ఉంది, కుడిపక్క నుంచి వెళ్ళండని చెప్పి వెళ్ళాడు.

వేసవి ముందు మూడుసార్లు, వానలు తగ్గాక ఒకసారి వెళ్ళాం. కూర్చోవడానికి వీలైన నాలుగు చోట్లు ఖాయం చేశాం. పడిపోయిన ఒక మాను, రెండు బండరాళ్ళు, ఒక ఇప్పచెట్టు మొదలు. చెరువు గట్టు మీద మాత్రం కూర్చోవడానికి ఏమీ లేదు. "ఊళ్ళో టీ కొట్టోడి కాడ కుర్చీ అడిగి, నాను మోస్తాను" అన్నారు. అన్నీ కుదిరాకే అత్తకి చెప్దామన్నారు. ఆశపెట్టి సగంలో ఆపేస్తే ఆవిడ మళ్ళీ బయల్దేరదని ఆయన భయం. దసరా తర్వాత ఆదివారం అనుకున్నాం.

ఆయన పోయాక ఆ దారి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అత్తకి చెప్పకపోతే, ఆవిడని ఎవరూ పిలవలేదన్నదే మిగిలిపోతుంది. ఆయన తువ్వాళ్ళు కట్టుకుని నడిచిన సంగతి ఆవిడకి ఎప్పటికీ తెలియదు. ఇది తెలిసి కూడా నాకు నోరు పెగలడానికి మూడు నెలలు పట్టింది. మూడో మాసికం అయిన మర్నాడు వంటింట్లో చెప్పాను. సరిగ్గా చెప్పలేదు. తువ్వాళ్ళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను.

అత్త వింటూ పొయ్యి కట్టేసింది. మావయ్యగారి అక్క, ఊరి నుంచి వచ్చిన ఆవిడ, గుమ్మంలో నిలబడి విన్నారు.

"ఏడాది తిరక్కండా గడప దాటి కొండలకెల్తాదేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"ముప్పై ఏళ్ళు డబ్బాలు కట్టి గడప కాడే నిలబడ్డాను వదినా. అప్పుడు నలుగురూ ఏటీ అనుకోనేదు" అంది అత్త.

మావయ్యగారి అక్క గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నారు. తర్వాత, "శాలువా పట్టుకెల్లు. సలి" అన్నారు.

ఆ ఆదివారం అత్త, నేను, అమ్మా నాన్నా వెళ్ళాం. అత్త వంట చెయ్యకూడదని అమ్మ షరతు పెట్టింది. రైల్లో అమ్మ ఇడ్లీలు తిని అత్త, "ఉప్పు ఎయ్యడం మర్సిపోనావా వదినా?" అంది. ఊళ్ళో టీ కొట్టులో కుర్చీ అడిగి నాన్న నెత్తిన పెట్టుకున్నారు. అత్త ముందు నడిచింది.

పడిపోయిన మాను దగ్గర నేను ఆగాను.

"ఈడ కూకోమన్నారా ఆయన?"

"అవునత్తా."

కూర్చుంది. మొదటి బండ దగ్గరా కూర్చుంది. రెండో బండ దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నాకిప్పుడు నొప్పి నేదు. ఎందుకు కూకోవాల? నన్ను మరీ ముసల్దాన్ని సేసీసినాడు మీ మావయ్య."

అమ్మ నవ్వింది. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ బండ మీద కూర్చుని, అరచేత్తో దాన్ని అటూ ఇటూ తుడిచింది. ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువసేపు అక్కడే కూర్చుంది. శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకుంటుంటే మేం చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాం.

గట్టు మీద నాన్న కుర్చీ వేసి, దుమ్ము దులిపారు. అత్త దాని వీపు పట్టుకుని నిలబడి చెరువు చూసింది. మూడు వైపులా కొండలు, వాటి నీడలు నీళ్ళలో సగం దాకా వచ్చి ఉన్నాయి. కూర్చోమని నాన్న అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. గట్టు పక్కన పశువులు నీళ్ళకి దిగే వాలు ఉంది. మావయ్యగారూ నేనూ అన్నిసార్లు వచ్చి కూడా ఆ వాలు సంగతి ఆలోచించలేదు. పైనుంచి చూడడమే అనుకున్నాం. అత్త చెప్పులు విప్పి, నా చెయ్యి పట్టుకుని దిగింది. నీళ్ళ దగ్గర నా చెయ్యి వదిలేసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలోకి వెళ్ళి ఆగింది.

దూరంగా మేం ఎక్కాల్సిన బండి కూత వేసింది. నాన్న వాచీ చూసుకుని నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వెళ్ళి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. కొండల వెనక నుంచి బండి వెళ్ళిపోతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. అత్త చెరువు వైపే తిరిగి ఉంది. ఇంకో అడుగు లోపలికి వేసింది.