కొమురవ్వ కట్టిన మేకల గంటలు

వచ్చినోళ్లు మాకు అరటిపండ్లిచ్చి ఫోటోలు దిగుడే గానీ, చొప్పదండి ముసలోళ్ల ఆశ్రమంల మమ్ముల చూసిన ఆయా కొమురవ్వ ఎట్లాంటిదని ఒక్కరన్న అడిగిండ్రా?

ఆయా కాకముందు మేకలు కాసేది. మేము చెప్పకుండ లేచి బాత్‌రూంల జారి పడుతున్నమని, అందరి నడుములకు మేకల గంటలు కట్టింది. గంట మోగితే ఉరికొచ్చి చెయ్యి పట్టేది.

తనిఖీకొచ్చిన ఆఫీసరు సారు, "వీళ్లు మనుషులా, మేకలా? గంటలు తియ్యకుంటే నీ నౌకరి పోతది" అన్నడు. పాపం, తీసేసింది.

జరసేపటికి గా సారే బాత్‌రూంల జారి పడ్డడు. గంట లేకపాయె, ఎవరికీ తెల్వకపాయె. అరగంటకు దొరికిండు.

"అవ్వా, గంటలు మళ్ల కట్టు" అని మూలిగిండు.

"ముందుగాల నీకే బిడ్డా" అని ఆయన నడుముకు కట్టి, చెయ్యి పట్టి బయటికి తెచ్చింది.

గా కొమురవ్వ మొన్న డెబ్బై రెండేండ్లకు సచ్చిపోయింది.