నెల దాటినా పాతబడని పుస్తకం

మొన్న మద్రాసు నుంచి టపాలో పత్రిక వస్తే మా కోడలు పైన చుట్టిన కాగితం చింపింది. బంకా, పచ్చి సిరా కలిసిన వాసన గుప్పున తగిలింది. చేటలో బియ్యం ఏరుతున్న నా చేతులు ఆగిపోయాయి. "ఏమైందత్తా?" అంది. ఏమీ కాలేదు, నరసయ్య బాబాయి గుర్తొచ్చాడు. ఆయన్ని మీరెవరూ ఎరగరు. నేను చెప్తుంటే మా కోడలే ఇది రాస్తోంది. నాకు తెలుగైతే కూడబలుక్కోవడం వచ్చు, ఇంగ్లీషు అసలు రాదు. అయినా బల్లమీద పరిచిన ఇంగ్లీషు పత్రికల్లో ఏది డైలీ, ఏది వీక్లీ, ఏది క్వార్టర్లీ అంటే వేలు పెట్టి చూపించగలను. అది ఆయన చలవ.

తెల్లవాళ్లు ఇంకా ఉన్న రోజులు. నా పెనిమిటి రాయపూర్ స్టేషన్లో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. విజయనగరం నుంచి కర్మకాండకి వచ్చిన మా బావగారు, నన్నూ నా కొడుకునీ తన ఇంట్లో పెట్టుకోవడం కుదరదని పదోరోజునే మొహం మీద చెప్పేశాడు. రైల్వేవాళ్లు జాలిపడి, ఉద్యోగులు కాలక్షేపానికి చేరే ఇన్‌స్టిట్యూట్‌లో పత్రికలు చదువుకునే గది ఊడ్చి తుడిచే పని ఇచ్చారు. మూడు నెలలు చూస్తారు. నచ్చితే పని ఖాయం, లేకపోతే ఉన్న రైల్వే ఇల్లు కూడా వదిలెయ్యాలి. వదిలేసి ఎక్కడికి పోవాలో నాకే తెలీదు.

ఆ గదికి పెద్ద నరసయ్య బాబాయి. మా విజయనగరం వైపు మనిషే. షంటింగ్‌లో, రైలు పెట్టెలు తగిలిస్తుండగా కుడిచేతి వేళ్లు మూడు పోతే, తేలిక పనని ఇక్కడ కూర్చోబెట్టారు. పాత పత్రికలు కట్ట కట్టడం ఆయన వల్ల కాదు. మొదటిరోజే పురికొస ఉండ నా ముందు పడేసి, "నీకు వేళ్లున్నాయి, నాకు అక్షరాలున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి ఉద్యోగం అవుతుందే పైడమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

రోజూ బల్ల తుడిచాక అట్టమీది మాట చూపించి చెప్పేవాడు. "డైలీ. మన ఇంటికొచ్చే పాలు. రేపటికి విరిగిపోతాయి. వీక్లీ, వారం సంత. మళ్లీ సంత దాకా ఉంటుంది." ఫోర్ట్‌నైట్లీ అంటే పక్షానికోసారి అన్నాడు. "నా ఏకాదశి ఉపవాసం లాగానా బాబాయ్?" అంటే, "అదే! ఎంత తొందరగా పట్టేశావే!" అని బల్ల చరిచాడు. మంత్లీ చెప్పక్కర్లేదు, జీతాల రోజు ఎవరికి తెలీదు? అక్కడికి చదువు పూర్తయిందనుకున్నాను. నెలకన్నా ఆలస్యంగా వచ్చే పుస్తకం ఉంటుందని నేనేం కలగన్నాను?

శనివారం శనివారం కాలం తీరిన కాగితాలు రద్దీవాలాకి, అదే పాత కాగితాలు కొనేవాడికి, వెయ్యాలి. ఒక శనివారం బాబాయి జ్వరంతో రాలేదు. నేనే కట్టలు కట్టాను. బల్లమీద ఒక బూడిదరంగు పుస్తకం ఉండేది. నేను చేరిన నాటి నుంచి దాన్ని తుడుస్తూనే ఉన్నాను. రెండు జీతాల రోజులు వెళ్లిపోయినా అది అక్కడే ఉంది. బాబాయి మరిచిపోయాడు కాబోలు, నేను తీసేస్తే మంచి పేరొస్తుందని దాన్నీ రద్దీలో కలిపేశాను.

ఆదివారం పొద్దున్నే బాబాయి చెవులకి మఫ్లరు చుట్టుకుని గదికి వచ్చాడు. బల్ల చూడగానే ఆయన మొహం పాలిపోయింది. "బూడిదరంగుది ఏదే?"

"నెల దాటిపోయింది కదా బాబాయ్, వేసేశాను."

"అది క్వార్టర్లీ అమ్మా! మూడు నెలలకోసారి వస్తుంది. అందులో మన ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ బాబు రాసిన వ్యాసం పడింది. రేపు పై ఆఫీసర్లకి చూపించుకుంటాడు."

నా పని ఖాయం చేస్తూ సంతకం పెట్టాల్సింది ఆ సెక్రటరీ బాబే.

జ్వరం ఒంటితోనే బాబాయి నాతో, రద్దీ కొట్టున్న తెలీబంధా చెరువు దాకా నడిచాడు. రద్దీ కొట్లో కూర్చున్న ముసలమ్మ "కా ఖోజత్ హస్ బాయీ?" అంది. ఏం వెతుకుతున్నావని ఆవిడ అడుగుతూనే ఉంది. గోనెసంచులు ఒక్కొక్కటే గుమ్మరించాను. నాలుగో సంచిలో దొరికింది. వెనక అట్ట లేదు, ముసలమ్మ దాంతో శనగలు పొట్లం కట్టేసిందట. లోపలి కాగితాలన్నీ ఉన్నాయి. దాన్ని గుండెకి హత్తుకుని ఆ కొట్లోనే కూలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు "ఎలకలు కొట్టాయని చెప్పు బాబాయ్" అన్నాను.

"నేను చెప్పను. ఎలకల మీదా పెట్టను. రేపు పొద్దున్న నువ్వే వెళ్లి చెప్పు. ఎందుకు పారేశావో అదీ చెప్పు."

"పని పోతే?"

"దాచావని తెలిస్తే తప్పకుండా పోతుంది."

ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో! నాకోసం ఒక్క అబద్ధమాడలేడా అనుకున్నాను.

సోమవారం సెక్రటరీ బాబు ఎదుట నిలబడి, నాకొచ్చిన హిందీలో అంతా చెప్పేశాను. ఆయన అట్ట లేని పుస్తకం తిప్పి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఇంగ్లీషు రాదు, పైగా నెల దాటిందని లెక్కా నీకు?" అని నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కో పత్రిక మీద బెత్తంతో కొట్టాడు.

"డైలీ" అన్నాను. "వీక్లీ. ఫోర్ట్‌నైట్లీ. మంత్లీ." చివర్న బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి ముందు పడేశాడు. "ఇది తెలీదు బాబూ. బాబాయి ఇంకా చెప్పలేదు."

"యాన్యువల్. ఏడాదికోసారి."

"అయితే ఏడాది దాకా దీన్ని ముట్టను బాబూ!"

ఆయన ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే నాకు ఏడుపొచ్చేసింది. ఆ నెలాఖరులో నా కాగితం మీద సంతకం పడింది. ఆరోజు ఇంటికొచ్చి, మూటగట్టిన సామాన్లన్నీ విప్పి మళ్లీ గూట్లో సర్దుకున్నాను. ఎన్నాళ్లకో గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను.

"నువ్వే చెప్తే ఏం పోయేది బాబాయ్?" అని తర్వాత అడిగాను.

"నేను చెప్పుంటే, నా మొహం చూసి నిన్ను ఉంచేవాడు. నేను పోయాక ఎవరి మొహం చూపిస్తావు?"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ గదిలో ఇన్నేళ్లలో చెయ్యకూడని తప్పులు ఇంకా చేశాను, లేదనను. కానీ ఏ ఒక్కసారీ సెక్రటరీ నాకు కబురు పెట్టాల్సిన అవసరం రాలేదు. సెక్రటరీ కుర్చీలో కూర్చునే సరికి, జరిగింది చెప్పడానికి నేనే గుమ్మంలో ఉండేదాన్ని.