నేను నమిలి చెప్పిన బియ్యం

మా మిల్లు స్టోరులో బియ్యం మూట విప్పగానే ఎవరూ సంచి చాచేవాళ్ళు కారు. ముందు మా వరుసలోంచి ఒక ఆడమనిషి పిడికెడు గింజలు తీసుకుని, పచ్చివే నోట్లో వేసుకుని నమిలి, "బాగుండాది" అనాలి. అప్పుడే వరుస కదిలేది. బాగలేదంటే ఆ మూట మూతి బిగించి పక్కకు దొర్లించాల్సిందే. ఇదేదో కాగితం మీద రాసిన పద్ధతి కాదు. నేను కాపురానికి రాకముందు ఒకసారి ముక్కిన బియ్యం ఇళ్ళకు పోయిందట. వెనక్కి తీసుకెళ్తే, గడప దాటిన సరుకు వాపసు లేదు పొమ్మన్నారట. మరుసటి నెల నుంచి ఆడవాళ్ళు గడప దాటకముందే నమలడం మొదలుపెట్టారు. నెలంతా తిట్లు తినడం కంటే అదే నయమనుకుని గుమాస్తా కూడా ఊరుకున్నాడు.

స్టోరంటే పెద్ద అంగడి అనుకునేరు. పీలమేడులో మా నూలు మిల్లు గేటు పక్కన ఒక రేకుల కొట్టం, అంతే. ఉప్పుడు బియ్యం, కందిపప్పు, మిరపకాయలు, నూనె, బట్టల సబ్బు. అన్నీ బజారు కంటే చవక. బజారులో బియ్యం ధర అడగడానికే భయపడే రోజులవి. అందుకని జీతాల మరుసటి రోజు మా తెలుగు వీధులూ తమిళ వీధులూ అక్కడే తేలేవి. పర్మనెంటు మనిషి ఇంటికి పూర్తి కార్డు, బదిలీ మనిషి ఇంటికి అర కార్డు. మాది అర కార్డు.

బదిలీ అంటే ఊరు మారడం కాదు. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు బయట నిలబడాలి. ఎవరైనా పనికి రాకపోతే వాళ్ళ బదులు లోపలికి పిలుస్తారు. అందరూ వస్తే మనిషీ డబ్బా కలిసి ఇంటికి తిరిగి వస్తాయి. ఆరేళ్ళు మా ఆయన అలా నిలబడ్డాడు. డబ్బా నిండుగా తిరిగొచ్చిన రోజు ఆయన నా మొహం చూసేవాడు కాదు. నేను కూడా ఏమీ అడగకుండా డబ్బా అందుకుని, ఆ అన్నమే మధ్యాహ్నం ముగ్గురికీ వడ్డించేదాన్ని.

నమిలే పని మొదట మా అత్తగారిది. ఆమె పళ్ళు ఒక్కొక్కటిగా ఊడిపోయాక, ఒక నెల వరుసలో నన్ను ముందుకు తోసింది. "మా కోడలు మేలూరు పక్క పిల్ల. వడ్లలోనే పుట్టినాది. నాకంటే బాగా చెప్పును" అంది. అబద్ధం కాదు. మా పుట్టింట్లో వడ్లు ఉడకబెట్టి ఎండబెట్టే పని నాది. ఎన్ని ఎండలు తగిలాయో గింజ నమిలితే చెప్పేదాన్ని. అయినా ఆ మాట నాకు కాస్త తలకెక్కింది. వీధిలో అందరికంటే చిన్న కార్డు మాది, పెద్ద నోరు నాది. నెలకొకసారి యాభై అరవై మంది ఆడవాళ్ళు నా మొహం వైపు చూస్తూ నిలబడితే ఎవరికి బాగుండదు? నాలుగేళ్ళలో మూడు మూటలు వెనక్కి పంపాను. నా మాట ఒక్కసారీ తప్పు కాలేదు.

ఆ నెల జీతాల రోజున మా ఆయన ఇంటికి వస్తూనే చెప్పాడు, స్పిన్నింగులో రెండు పర్మనెంటు ఖాళీలు పడ్డాయని, సోమవారం గేటు మీద పేర్లు వేస్తారని. పేర్లు రాసి ఇచ్చేది మేస్త్రి. మా ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. తెల్లారి నేను సంచి మడిచి చంకలో పెట్టుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు.

"ఈ మాసం మూటలు మేస్త్రి బావమరిది దింపినాడు. కొత్త కాంట్రాక్టు."

"అయితే?"

"అయితే ఏమి? నువ్వు సుమ్మా ఊరికే బాగుండాదని చెప్పేసి రా."

"బాగుంటే బాగుండాదనే చెప్తాను."

"బాగలేకపోయినా చెప్పవలె" అన్నాడు. అని నా కాళ్ళ వైపు చూశాడు. "ఆరేండ్లాయె. నాకు గేటు దగ్గర నిలబడేదానికి శక్తి లేదు."

కోపం వచ్చింది నాకు. ఆయన మీద కాదు, అంత మెత్తగా అడిగినందుకు. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, లెక్క సరిపోయేది. అత్తగారు అరుగు మీద కూర్చుని అంతా విన్నది. నేను వెళ్తుంటే చీర కొంగు సర్దుకుంది, అంతే.

స్టోరు దగ్గరికి వెళ్ళేసరికి వరుస రోడ్డు దాకా ఉంది. నాకు ఎప్పటిలాగే ముందు చోటు ఉంచారు. నా వెనక పెద్దమ్మ. అందరం ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. చర్చి వీధిలో ఉండేది, మొగుడు పోయాక మిల్లులో వేస్టు దూది ఏరే పనిలో చేరింది. ముక్కుసూటి మనిషి. ఆమె కూతురి బిడ్డ అప్పుడప్పుడే గంజి తాగడం నేర్చుకుంటున్నాడు. "మంచి మూట చూసి పెట్టు అమ్మణ్ణి, వానికి గంజి కాచవలె" అంది నా వీపు తట్టి.

మేస్త్రి ఏ నెలా స్టోరు వైపు రాడు. ఆ రోజు గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. ఆయనదీ మా భాషే, మా వాళ్ళే. నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, బాగుండావా? ఇప్పుడే గేటు దగ్గర మీ ఆయన్ను చూసినాను. నిలబడుండాడు."

అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

గుమాస్తా మూట మూతి విప్పాడు. నమలక్కరలేదు, విప్పగానే తెలిసిపోయింది. తడి గోనె వాసన గుప్పున కొట్టింది. వడ్లు ఉడకబెట్టాక సరిగా ఎండనివ్వకుండా ఆడించిన బియ్యం అది. మా అమ్మయితే కోళ్ళకు కూడా వేయదు. గుమాస్తా తల వంచుకుని రేకు డబ్బాతో కొన్ని గింజలు తీసి నా చేతిలో పోశాడు. ఆయనకీ తెలుసు. నా చేతిలో గింజలు తెల్లగా లేవు, ఎర్రగా లేవు, ఏదో మాసిన గుడ్డ రంగులో ఉన్నాయి.

నోట్లో వేసుకున్నాను. మంచి ఉప్పుడు బియ్యం పంటి కింద టక్కున విరుగుతుంది, నమిలేకొద్దీ తీపెక్కుతుంది. ఇది విరగలేదు. పిండిలా నలిగి నాలుకకు అంటుకుంది. చేదు గొంతులోకి దిగింది. ఎక్కడో వెనక ఒక పిల్ల ఏడుస్తుంటే తల్లి నోరు మూసింది. మేస్త్రి గొడుగు కొనతో నేల మీద గీతలు గీస్తున్నాడు. కక్కలేక మింగలేక అంటారే, ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు నోటితోనే తెలిసింది. నమిలాక ఎప్పుడూ పక్కకు వెళ్ళి ఊసేదాన్ని. ఊస్తే ఆ ఊయడం చూసి జనం కనిపెడతారని భయం వేసింది.

మింగేశాను.

"బాగుండాది" అన్నాను.

మేస్త్రి స్టూలు మీంచి లేచి, గొడుగు తెరిచి, ఎండలోకి వెళ్ళిపోయాడు. గుమాస్తా తక్కెడ దగ్గరికి నడిచాడు. కానీ సంచులు కదలలేదు. వాసన అందరికీ కొట్టింది కదా. అప్పుడు పెద్దమ్మ నా పక్కనుంచి చెయ్యి చాచి మూటలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది. నములుతూ నా మొహం చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరవను. అందులో కోపం లేదు. గేటు వైపు ఒకసారి చూసి, మళ్ళీ నన్ను చూసింది. ఆమె మొగుడు కూడా ఒకప్పుడు బదిలీయే.

"అమ్మణ్ణి చెప్పినాది కద" అంది గట్టిగా, వరుస వైపు తిరిగి. "పట్టండి, పట్టండి. ఎండెక్కుతుండాది."

ఆమే ముందుగా సంచి చాచింది. తర్వాత అందరూ. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనూ నా అర కార్డు బియ్యం పట్టించుకుని, ఇంటి దాకా తల ఎత్తకుండా నడిచాను.

ఆ పూట మా వీధి మొత్తం ఒకే వాసన వేసింది. ఏడు నీళ్ళు కడిగినా, ఉప్పేసి నానబెట్టినా, చింతపండు పులుసు పోసినా ఆ వాసన అన్నాన్ని వదల్లేదు. మా ఆయన తల వంచుకుని తిన్నాడు, మారు వడ్డించమని కూడా అడిగాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు చిగుళ్ళతో నలిపింది.

"నాకు పండ్లు పోయినాయి" అంది. "నీకేమి పోయినాది అమ్మణ్ణి?"

నేను లేచి నీళ్ళకని పెరట్లోకి వెళ్ళాను. వెళ్ళి ఊరికే నిలబడ్డాను.

సోమవారం గేటు మీద పేర్లు వేశారు. రెండోది మా ఆయన పేరు. ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో అరటిపళ్ళు, కళ్ళ నిండా నీళ్ళు. సంతోషం లేదంటే అబద్ధమే. చాలా సంతోషించాను. ఆ పేరు నా మాట వల్ల పడిందో, ముందే రాసి పెట్టుకున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ నెలంతా డబ్బా ఒక్కరోజు కూడా నిండుగా తిరిగి రాలేదు. ఆ నెలంతా చర్చి వీధి మీదుగా నేను ఒక్కరోజు కూడా నడవలేదు. కానీ మా పెరటి గోడ అవతలే పెద్దమ్మ ఇంటి వెనక భాగం. పొద్దున గంజి పట్టే వేళకు ఆ బిడ్డ ఏడుపు వినిపించేది. ఒక గుక్క తాగి, ఉమ్మేసి, ఏడ్చేవాడు. చెవులు మూసుకుని పొయ్యి ఊదేదాన్ని.

మరుసటి నెల పూర్తి కార్డుతో వెళ్ళాను. రెండు సంచులు తీసుకెళ్ళాలి ఇప్పుడు. ముందు చోటుకు వెళ్ళకుండా అందరికంటే వెనక నిలబడ్డాను. ఎవరినైనా నమలనీ, నాకొద్దు అనుకున్నాను. గుమాస్తా మూట విప్పి అటూ ఇటూ చూశాడు. పెద్దమ్మ వరుస ముందు నుంచి వెనక్కి తిరిగి కేకేసింది.

"ఏమ్మా, అక్కడేమి చేస్తుండావు? రా ముందుకి. నువ్వే చూడవలె."

"వద్దు పెద్దమ్మా. మీరే చూడండి."

"రమ్మంటుండాను కద. ఇంక నీకు భయం లేదు. పర్మనెంటు ఆయె" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది, బిడ్డకు చెప్పినట్టు.

యాభై మందిని దాటుకుంటూ ముందుకు నడిచాను. స్టూలు ఖాళీగా ఉంది. గింజలు నోట్లో వేసుకున్నాను. టక్కున విరిగాయి. నాలుగుసార్లు నమిలేసరికి తీపెక్కాయి. ఇంత మంచి బియ్యం ఆ స్టోరుకు ఏడాదిలో రాలేదు. ప్రాణం లేచొచ్చింది. పక్కకు వెళ్ళి ఊసి వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాను.

"బాగుండాది! చాలా బాగుండాది!"

ఒక్క సంచీ కదలలేదు.

అందరూ మర్యాదగా నిలబడ్డారు. కొందరు నేల చూశారు, కొందరు తమ సంచుల్లోకి చూసుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు. కాసేపటికి పెద్దమ్మ నిట్టూర్చి, మూటలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు నమిలి తల ఊపింది. అప్పుడు వరుస కదిలింది.

ఆ నెల నుంచి మిల్లు మూసేదాకా మా స్టోరులో బియ్యం ఇద్దరు నమిలేవాళ్ళు.