బండి పోని బాట

దగ్గరికి జరుగుండ్రి. చేతుల ఫోను జర బోర్ల పెట్టి, కాళ్లు చాపుకొని కూసోండ్రి. మా మనుమరాలి సైకిలు కోసం నేను బాట దేవులాడిన ముచ్చట చెప్త. నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేం అనుకోను. అప్పుడు ఊరంత నవ్వింది.

మా ఊరు పాన్‌గల్‌కు వీపనగండ్లకు నడుమ ఉంటది. ఇంట్ల ఐదుగురం: నేను, నా కొడుకు, కోడలు, ఇద్దరు మనుమరాండ్లు. పెద్దదానికి ఎనిమిదేండ్లు, చిన్నదానికి ఐదు. నన్ను అవ్వా అని పిలుస్తరు. కొడుకు వనపర్తి పోయి పెద్దదానికి గులాబి రంగు సైకిలు తెచ్చిండు. చిన్నదానికి తన పాత సైకిలు ముందర కడ్డీ మీద ఒక బుల్లి సీటు బిగించిండు. కోడలిది నాగర్‌కర్నూల్. బడికి సైకిలు మీదనే పోయిన పిల్ల. తల్లిగారింట్ల తుప్పు పట్టి పడున్న తన సైకిలు ఆటోల ఏయించుకొని తెచ్చుకున్నది. ఆదివారమొస్తే నలుగురు కలిసి పొలాల పొంటి తిరిగి రావాలని వాండ్ల ఆశ.

ఆశ మంచిదే. బాట ఏడున్నది? మా ఇంటి ముందర రోడ్డు వెనకట గుంతలు గుంతలుండె. బస్సు గూడ ఆవు లెక్క మెల్లగ పోయేది. ఇప్పుడు నున్నగ తారు పోసిండ్రు, ఎవనికీ బ్రేకు ఉన్నదన్న సంగతే యాదికి లేదు. మొదటి నాడే పెద్దది సైకిలెక్కి నాలుగిండ్లు దాటిందో లేదో, ఎనక నుంచి టిప్పరు హారన్ కొట్టింది. పిల్ల హ్యాండిల్ ఇడిచిపెట్టి రెండు చెవులు మూసుకున్నది. చెవులు మూసుకున్న మనిషి సైకిలు మీద ఎంతసేపు నిలుస్తది? పోయి కంపల పడ్డది. మోకాలు గీసుకపోయింది.

గా నాటి నుంచి ఎక్కదు. ఎక్కదు గాని, పొద్దుగాల లేవంగనే గుడ్డ తడిపి సైకిలు తుడుస్తది. పక్కన నిలబడి రెండుసార్లు బెల్లు కొడ్తది. మల్ల లోపలికి పోతది. చూసి చూసి నా కొడుకు అన్నడు:

"తుడిసేటందుకైతే ఇంట్ల బీరువా ఉంది గద. దసరా సెలవులు అయిపోయే లోపల ఎక్కకుంటే గద్వాలల మా అక్క కొడుక్కు ఇచ్చేస్త."

పిల్ల చేతుల గుడ్డ ఆడనే పారేసింది. నా దగ్గరికొచ్చి ఒళ్ల మొకం పెట్టుకున్నది. "అవ్వా, లారీలు లేని బాట ఉంటే ఎక్కుత. ఏడనన్న ఉన్నదా?" అన్నది.

నాకు పానం ఆగలె. "ఎందుకు లేదు బిడ్డా? అమరచింత కాడి నుంచి ఈ ఇంటికి కోడలిగ వచ్చిన కాడికెల్లి నేను నెత్తిన గంప పెట్టుకొని తిరగని బాట లేదు. రేపే చూపిస్త," అన్న. నోరు ఊకుంటదా!

ముందుగాల కోడలు ఫోనుల చూసింది. "అత్తమ్మా, గీ సన్నటి గీత బాటనే," అన్నది. ఆ గీత పట్టుకొని పోతే పోతే ఒకాయన పశువుల కొట్టంల ఆగింది. బర్రె మా దిక్కు చూసింది, మేం బర్రె దిక్కు చూసినం. అయినంక ఫోను మూసిపెట్టి మనుషులను అడుగుడు మొదలువెట్టిన.

నాకు వరుసకు బావయ్యే ముసలాయన ఒకడున్నడు. ఎడ్లు అమ్ముకొని ఏండ్లయితున్నది గాని, ఇప్పటికీ చేతుల ములుగర్ర ఉంటది. గాలికి ఊపుకుంట కూసుంటడు. ఆయనను అడిగిన.

"బావా, పడమటి డొంక పొంటి బండి పోతదా?"

"బండా? సుఖంగ పోతది. నేను నిండ పల్లికాయ ఏసుకొని, బండి మీదనే నిద్ర పోవుకుంట పోయినోన్ని."

తెల్లారి నలుగురిని తోలుకపోయిన. డొంక ఉన్నది, లారీలు లెవ్వు, అంత బాగనే ఉంది. కాని బండి గీర్లు తిరిగి తిరిగి, చక్రాల గాడులు రెండు మోకాటి లోతు దిగినయి. వానలకు మెత్తవడి, ఎండకు ఎండి, గోడ లెక్క గట్టివడ్డయి. నా కొడుకు చిన్నదాన్ని ముందర కూసోవెట్టుకొని అండ్ల దిగిండు. పెడలు ఇటు తిప్పితే ఇటు మట్టికి తాకుతది, అటు తిప్పితే అటు తాకుతది. దిగుదామంటే కాలు వెట్ట జాగ లేదు. "అమ్మా! నేను ఇందులకెల్లి ఎట్ల ఎల్లాలె?" అని ఒర్రుతుండు. చిన్నది మాత్రం "నాయినా, ఇంకోసారి!" అంటున్నది. పెద్దది తన సైకిలు గట్టు మీద ఆపి, తండ్రిని చూసి, నా మొకం చూసి, ఎక్కకుంటనే మర్లింది.

వచ్చి బావను అడిగిన, "బండి పోతదన్నవు గద?"

"పోదా మరి? ఎడ్ల బండి పోతది. నువ్వేం బండి అన్నవు?"

"సైకిలు!"

"సైకిలు బండి ఎట్లయితది? దానికి కాడి ఉందా, నొగలున్నయా?" అని నన్నే గదిమిండు.

సరే, నాదే తప్పు, ఇగ సక్కగ అడగాలె అనుకున్న. మోటరు సైకిలు మీద తిరిగే మా ఇంటెనక పిల్లగాడు ఒకడున్నడు, డిగ్రీ అయ్యి ఇంటికాడనే ఉన్నడు. వాన్ని ఆపి, "బిడ్డా, చెరువెనక బాటల రెండు గీర్ల బండి పోతదా?" అన్న. చూసిండ్రా, ఎంత తెలివిగ అడిగిననో!

"మస్తుగ పోతది పెద్దమ్మా. రోజు పోత. రెండు నిమిషాల బాట."

మల్ల నలుగురిని బయలెల్లదీసిన. ముందుగాల బాగనే ఉండె. జర దూరం పోయినంక వాగు. వాగు మీద ఒక బండ ఏసి ఉంది, మనిషి అడుగు వెట్టేంత. గా పిల్లగాడే మోటరు మీద అవతలి దిక్కు నుంచి వచ్చిండు, ఆడ దూరం నుంచి ఉరికిచ్చి, ముందర గీర లేపి, గాలిల దుంకి మా పక్కన దిగిండు. "చెప్పిన గద పెద్దమ్మా, పోతదని," అనుకుంట నవ్వి పోయిండు. నా కోడలు చీర కొంగు నోట్లె కుక్కుకున్నది. నవ్వుకో, ఏడుపుకో నాకు తెల్వదు.

ఎనకకు తిరిగినం. రెండడుగులు ఏసినమో లేదో, నా కొడుకు సైకిలు "సుస్సు" అన్నది. ఎనక కోడలిది. దాని ఎనక పిల్లది. కింద చూస్తే బాటంత పల్లేరు కాయలు. చెప్పులేసుకొని నడిసే నాకు అవి ఎప్పుడన్న కండ్లవడ్డయా? మా కాలంల కాలికి గుచ్చుకుంటే పీకి పారేసి నడిసేటోల్లం. సైకిలుకు గట్ల పీకుకొనుడు రాదాయె.

మూడు సైకిళ్లు భుజానికెత్తుకొని ఊర్లకు వచ్చినం. నేను పిల్ల సైకిలు మోసిన. చావిడి కాడ కూసున్న ఆడోల్లు ఊకుంటరా?

"ఏమక్కా, సైకిలు మిమ్ములను మోయాల్నా, మీరు సైకిలును మోయాల్నా?"

"కొత్త సైకిలు గద, కాళ్లు నొస్తయని ఎత్తుకున్నం," అన్న. ఏమనాలె మరి?

ఆ పొద్దు పెద్దది నా పక్కన కూసొని మెల్లగ అడిగింది. "అవ్వా, నీ బాటలన్ని గిట్లనే ఉంటయా?"

నవ్వుకుంట అడిగి ఉంటే నేను గూడ నవ్వేదాన్ని. నిజంగనే అడిగింది. సెలవులు ఇంక రెండు దినాలే మిగిలినయి. పంక్చర్లు ఏపిచ్చుకొచ్చిన నా కొడుకు గద్వాలకు ఫోను జేస్తనన్నడు.

తెల్లారి ఒక్కదాన్నే బయలెల్లిన. ఎవ్వరికీ చెప్పలె. చేన్లు దాటి, మా ఊరి పిల్లకాలువ కాడికి పోయిన. మోకాలు మునగని నీళ్లు, పక్కన వెడల్పు కట్ట, కట్ట పొంటి తంగేడు పూసి పచ్చగున్నది. గొర్లు కాసేటాయన ఒకడు నీడకు కూసున్నడు. నన్ను వదినా అంటడు.

"మర్దీ, గీ కట్ట మీద బండి పోతదా?" అన్న.

"పోదు వదినా. ఏ బండీ పోదు. ట్రాక్టర్లు తిరిగి కట్ట తెగుతదని ఈ కొసకు, ఆ కొసకు రైతులు బండలు పాతిండ్రు. ట్రాక్టరు పోదు, ఆటో పోదు, ఎడ్ల బండి పోదు, మోటరు గూడ సందుల పట్టదు. నేను, నా గొర్లు, గంతే."

ఉసూరుమని మర్లిన. పది అడుగులు ఏసినంక నా కాళ్లు ఆగినయి. నన్ను నేనే తిట్టుకున్న. ఓసి పిచ్చిదానా, పిల్ల నిన్ను ఏం అడిగింది? బండ్లు పోని బాట అడిగింది. నువ్వు ఊరంత తిరిగి ఏం అడిగినవు? బండి పోతదా, బండి పోతదా అని!

ఉరికినట్టు ఎనకకు పోయిన. బండల నడుమ సందుల సైకిలు హ్యాండిల్ పడ్తదా లేదా చూడాలె. రెండు చేతులు సందుకు ఆనిచ్చి చాపిన. కొలత దొరికింది. ఇగ ఆ చేతులు గట్లనే పట్టుకొని ఇంటికి నడిసిన. కదిలిస్తే కొలత పోతది గద! కొంగు జారింది, చేతులు దించొస్తలేదు, పండ్లతోని పట్టుకున్న. ముక్కు మీద ఈగ వాలింది, దాన్ని గూడ ఊదుకుంటనే పోయిన.

ఊర్ల ఎదురైనోల్లందరు అడుగుడే. "అంత పెద్ద చేప ఏడ దొరికింది వదినా?" అని ఒకరు. "మొక్కు గిట్ల ఉన్నదా ఏంది?" అని ఒకరు. పండ్ల నడుమ కొంగాయె, జవాబు చెప్పొస్తదా? గుర్రుగుర్రు మన్న.

ఇంటికొచ్చి సీద నా కొడుకు సైకిలు హ్యాండిల్‌కు చేతులు ఆనిచ్చిన. హ్యాండిల్ లోపల పట్టింది, రెండు వేళ్ల సందు ఎక్కువనే ఉన్నది. అప్పుడు నోట్లె కొంగు ఇడిసి అంత చెప్పిన.

కోడలు అంత విన్నది. "అత్తమ్మా, ఒక పుల్ల ఇరుసుకొని కొలత తెస్తే అయిపోతుండె గద?" అన్నది.

నిజంగ నాకు ఆ తెలివి రాలె. మీకు వచ్చేదేమో.

ఆ మాపటికే అందరం పోయినం. బండల సందులకెల్లి సైకిళ్లు ఒక్కొక్కటి దూరినయి. పెద్దది సైకిలు పట్టుకొని కట్ట మీద నిలబడ్డది. ముందు చూసింది, ఎనక చూసింది, చెవి పెట్టి ఇన్నది. గొర్ల "మే" తప్ప ఏం లేదు. కాలు ఎత్తి పెడలు మీద పెట్టింది. మల్ల తీసింది. నా కొడుకు ఏదో అనబోతే నేను వాని చేయి గిచ్చిన. మల్ల పెట్టింది. ఎక్కింది.

ముందర గొర్ల మంద పోతున్నది. పిల్ల బెల్లు కొడ్తది, గొర్లు జరగవు. ఇంకా కొడ్తది. ఒక ముసలి పొట్టేలు ఎనక తిరిగి చూసి, మల్ల తన నడక తను నడిసింది. ఇగ దాని ఎనక, దాని నడకతోనే, అంత మెల్లగ తొక్కాల్సొచ్చె. హ్యాండిల్ ఇటు ఊగె, అటు ఊగె, కాని పడలె. ఎవరు నేర్పించినా గంత మెల్లగ తొక్కుడు రాదు. ఎనకకెల్లి కొడుకు, వాని ముందర చిన్నది "ఓ గొర్రె, జరుగు! ఓ గొర్రె, జరుగు!" అని అరుసుడు, దాని ఎనక కోడలు తన తుప్పు సైకిలు కిర్రుకిర్రుమనుకుంట. నేను బండ మీద కూసున్న. నా చేతులు ఇంకా నొస్తున్నయి.

తిరిగొచ్చేటప్పుడు పిల్ల ఒకసారి పడ్డది. తంగేడు పొదల పడ్డది. మేం ఉరికే లోపల తనే లేసి, జుట్టుల పసుపు పూలతోని సైకిలు లేపుకున్నది. "నేనే పడ్డ, ఎవ్వరూ పడెయ్యలె," అన్నది. ఎక్కి, మల్ల పోయింది.

ఇంటికొచ్చినంక కాళ్లు కడుక్కోకుంటనే తండ్రి జేబుల ఫోను గుంజుకున్నది. గద్వాలల మేనత్త కొడుక్కు కలిపింది. "బావా, మా నాయిన సైకిలు ఇస్తనన్నడంట గద, నేను ఇయ్య. నువ్వు ఈడికి రా, కట్ట మీద తొక్కుదువు. గొర్లు అడ్డమొస్తే బెల్లు కొట్టకు, అవి ఇనవు," అని టక్కున పెట్టేసింది. నా కొడుకు గాలి పంపు తీసి పిల్ల సైకిలుకు గాలి కొట్టుకుంట కూసున్నడు.

గంతే ముచ్చట. ఇంతసేపు కదలకుంట కూసొని ఇన్నరు, మీ ఇల్లు సల్లగుండాలె. మీ పొయ్యి మీద కూర మాడొద్దు, మీ కుండల నీళ్లు తక్కువ కావొద్దు. మీ పిల్లలు బయటికి పోయిన ప్రతిసారి ఆకలైతున్నదని ఒర్రుకుంట ఇంటికి రావాలె, మీరు వడ్డిస్తనే ఉండాలె.