చిన్నాన్న చేతిలో చక్రం

పోయిన వారం నేను సంగీతం చెప్పే బడిలో ప్రార్థన అయ్యాక డ్రాయింగ్ మాస్టారు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఎక్కడో కొత్త రకం కీబోర్డు తయారు చేశారట. మీట నొక్కి, ఆ వేలినే కాస్త పక్కకి ఊపితే స్వరం వంగుతుంది. వీణ తీగ లాగినట్టే ఉంటుంది. "ఇంక మీకు ఎడం చేత్తో పని లేదు మేడమ్," అన్నారు. ఆ వీడియో రెండోసారి పెట్టించుకుని కూడా చూశాను. బాగానే ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు. మొన్న వార్షికోత్సవంలో నా కీబోర్డు పక్కన పెట్టించి, పిల్లల డాన్సుకి పెన్‌డ్రైవ్‌లో పాటలు వేయించింది ఆయనే. నేను మర్చిపోలేదు.

నా దగ్గరున్నది పాత ఎరేంజర్ కీబోర్డు. తాళం అదే వేస్తుంది, వంద వాయిద్యాల గొంతులు అదే పలుకుతుంది, మీటలు మాత్రం మనం నొక్కాలి. మీటలు ప్లాస్టిక్‌వి, లోపల స్ప్రింగులు. వేలు ఆనిస్తే దిగిపోతాయి, తీస్తే టక్కుమని లేస్తాయి. ఎడం పక్కన బొటనవేలికి సరిపడా చిన్న చక్రం ఒకటుంటుంది. మీట నొక్కిపట్టి చక్రాన్ని ముందుకి తోస్తే స్వరం పైకి జారుతుంది, వెనక్కి లాగితే కిందికి. వదిలేస్తే స్ప్రింగు లాగేసి మళ్లీ నడిమికి వచ్చేస్తుంది. నాకు నేర్పినాయన ఆ చక్రాన్ని ముట్టుకోవద్దనేవారు, పాడైపోతుందని. చాలా ఏళ్లు ముట్టుకోలేదు కూడా. ఎడం చేత్తో తాళానికి తోడుగా రెండు మూడు స్వరాలు కలిపి నొక్కుకుంటూ, కుడి చేత్తో పాట వాయించుకుంటూ వచ్చాను.

మా చిన్నాన్న సన్నాయి వాయించేవారు. మాడుగుల నుంచి దేవరాపల్లి దాకా ఆయన వాయించని పెళ్లిపందిరి తక్కువ. నా కీబోర్డంటే ఆయనకి మొదటినుంచీ చిన్నచూపు. ఇంటికి తెచ్చిన రోజున చుట్టూ తిరిగి చూసి, సంతలో వంకాయ నొక్కినట్టు ఒక మీట నొక్కి, "టకటకా ఏటే గుంటా ఈ సప్పుడు? సన్నాయిలో సరం పాకతాది. నీ పెట్టిలో మెట్లు దిగినట్టు దిగతాది," అన్నారు. నా పెళ్లికి ఆయనే వాయించారు. సంగీతం డిప్లమా ఉందని మగపెళ్లివారికి ఎవరో చెప్పబోతే, "ఆ, ఇదీ ఏదో నొక్కతాదిలెండి," అని నవ్వేశారు. పెళ్లికూతుర్ని కదా, తల వంచుకుని విన్నాను. పెద్ద కోరికేమీ కాదు నాది. నలుగురి ముందు ఒక్కసారి ఆయన నన్ను వాయించే మనిషిగా ఒప్పుకోవాలి. అంతే. దానికోసం నేను చాలా కాలం ఎదురుచూశాను, అలసిపోయాను కూడా.

ఒక ఏడు గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరకు గానుగ మొదలైన రోజుల్లో ఆయనకి దగ్గు పట్టుకుంది. చెరకు ట్రాక్టర్ల దుమ్మన్నారు, మంచు అన్నారు. చివరికి అనకాపల్లి డాక్టరు, ఇంక సన్నాయి ఊదకూడదని చెప్పేశాడు. పిన్నికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఈలోగా మా చోడవరంలోనే బెల్లం వ్యాపారం చేసే ఒకాయన తాంబూలం పట్టుకొచ్చారు, కూతురి పెళ్లికి. ఆ ఇంట్లో మూడు తరాల పెళ్లిళ్లకి మావాళ్లదే సన్నాయి. మేళగాళ్లలో తాంబూలం పుచ్చుకున్నాక రానని కబురు పెట్టడం ఉండదు. పోనీ పుచ్చుకోకుండా ఉండవచ్చు కదా? పుచ్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కుర్చీలో కూర్చుని, "ఒసే, నీ పెట్టిలో సన్నాయి ఉంటాదా?" అని అడిగారు.

ఉంది. సన్నాయి గొంతు పెట్టి కల్యాణి వాయించాను. మీట గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే ఏర్పాటొకటి ఉంటుంది. అది తీసేశాను, స్వరాలన్నీ ఒక్క నిండుతనంతో రావాలని. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "పీక పట్టుకున్న బాతులా ఉంది," అన్నారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు మొదటిసారి ఆ చక్రం తిప్పి చూపించాను. స్వరం జారింది. ఆయన కుర్చీ ఎడం పక్కకి లాక్కుని, నా చెయ్యి తీసి అవతల పెట్టి, తన బొటనవేలు దానిమీద ఆనించారు. "నువ్వు నొక్కు."

నొక్కాను. ఆయన ముందే చక్రాన్ని కిందికి లాగి ఉంచి, నా మీట దిగాక మెల్లమెల్లగా వదిలారు. స్ప్రింగు లాక్కుపోవాలని చూస్తుంది, ఆయన పోనివ్వరు. కింది నుంచి స్వరం పాక్కుంటూ వచ్చి, చోటికి చేరేముందు కాస్త తటపటాయించి, అప్పుడు నిలబడింది. వంటింట్లోంచి మా ఆయన బయటికొచ్చి, "మావయ్యగారు ఊదుతున్నారా?" అని అడిగారు. చిన్నాన్న బుగ్గలు నిజంగానే పొంగి ఉన్నాయి. అలవాటు.

ఇద్దరు కలిసి ఒక కీబోర్డు వాయించడం ఎవరూ నేర్పే విద్య కాదు. ఆయన చక్రం పూర్తిగా వదలకముందే నేను తర్వాతి మీట నొక్కితే అదీ వంకరగానే పలికేది. "తొందరేటే? బస్సెళిపోతందా?" అని కసిరేవారు. చివరికి ఆయన బుగ్గలు చూసి నొక్కడం మొదలుపెట్టాను. బుగ్గ పొంగితే ఆగాలి, తగ్గితే కదలాలి. డిప్లమాలో ఈ పాఠం లేదు.

పెళ్లి పగటి ముహూర్తం. సన్నాయిని గుడ్డసంచిలోనే ఒళ్లో పెట్టుకుని నా ఎడం పక్కన కూర్చున్నారు. డోలు ఆయన ఒకసారి మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఇదేటి బావా, హార్లిక్స్ సీసాలో కల్లు పోసినట్టు?" అన్నాడు గానీ, మొదటి వరసకే తల ఊపాడు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ చిన్నాన్న ఒక నిషాదాన్ని ఎంతసేపు వంచారంటే, నొక్కిన మీట వదలకుండా ఆయన బుగ్గలే చూస్తూ కూర్చున్నాను. భోజనాల దగ్గర్నుంచి కూడా జనం లేచొచ్చారు. బెల్లం వ్యాపారి వచ్చి, "ఏటండీ గురువుగారూ, ఈ వయసులో కొత్త ఇద్య!" అన్నారు. చిన్నాన్న నవ్వి, "కాలంతో నడవాలి కదా బాబూ. నేను వాయించేను, గుంట మీటలు నొక్కింది," అన్నారు.

నేను కీబోర్డు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మాఘం వెళ్లింది, ఎండలు వచ్చాయి, చిన్నాన్నవాళ్ల గడప తొక్కలేదు. పిన్ని మాడుగుల హల్వా పంపిస్తే తిన్నాను గానీ డబ్బా తిరిగి పంపలేదు.

ఆ బెల్లం వ్యాపారి ఇంట్లోనే రెండో పెళ్లి కుదిరింది. చిన్నాన్న నన్ను అడక్కుండానే మళ్లీ తాంబూలం పుచ్చుకుని, మళ్లీ మా మెట్లెక్కి వచ్చారు. ఈసారి ఆయాసం తగ్గడానికి ఎక్కువసేపు పట్టింది. మంచినీళ్లిచ్చి చెప్పాను. "వస్తాను చిన్నాన్నా. కానీ మైకులో చెప్పాలి, నేనూ వాయించేనని."

ఆయన గ్లాసు చేతిలోనే తిప్పారు. తర్వాత, "నువ్వు వాయించేవంటే నేనేటి సేసేనని అడగరా? ఊపిరి పోయింది, సక్రం తిప్పుకుంటన్నాడు అంటారు. ఆ మాట ఊళ్లో పడ్డాక నాకు ఇంకే పందిట్లో సోటుంటాదే?" అన్నారు.

అప్పుడర్థమైంది, ఆయన నన్ను ఎందుకు తగ్గించారో. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు. ఆయన చోటు కోసం నా చోటు ఎందుకు ఇవ్వాలి? ఆ మాటే అన్నాను. "సూద్దాంలే," అని లేచి మెట్లు దిగిపోయారు.

ఆ పెళ్లిలో ముహూర్తం అయ్యాక ఆయనే మైకు తీసుకున్నారు. దగ్గు వచ్చింది, ఆపుకున్నారు. తన పేరు చెప్పుకున్నారు, తండ్రి పేరు చెప్పుకున్నారు, డోలు ఆయన పేరు చెప్పారు. తర్వాత నా పేరు చెప్పి, "మా అన్నయ్య కూతురు," అన్నారు. మళ్లీ నోరు తెరిచారు. ఏం చెబుతారోనని కీబోర్డు వెనక నేను లేచి నిలబడ్డాను కూడా. దగ్గు తెర వచ్చింది. మైకు ఎవరో అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు, దేనికి కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి గానుగ మొదలవకముందే ఆయన పోయారు. ఆ రోజు దగ్గు రాకపోతే ఏం చెప్పేవారని పిన్నిని అడిగాను. "నీకెందుకే ఇంకా," అంది. డోలు ఆయన్నీ అడిగాను. "సెప్పేవోడే," అన్నాడు, నన్ను పంపించేయడానికి. ఇప్పుడు పెళ్లిళ్లలో చక్రం నేనే తిప్పుతున్నాను. ఆయన తిప్పినంత సేపు తిప్పలేను, వేలు నొప్పెడుతుంది. అందరూ బాగుందనే అంటారు. వాళ్ల మాట నాకు అక్కర్లేదు. ఆయన మాటే కావాలి. ఇన్నేళ్లయింది, వదిలేయమని అందరూ చెబుతారు. నిజమే, మోసి మోసి అలసిపోయాను. అయినా ఆయన నాకు ఒక మాట బాకీ ఉన్నారనుకున్నంత కాలం ఆయనతో నా పని పూర్తి కాలేదు. ఏళ్లు గడిచేకొద్దీ నాకు ఆ మాట వినాలన్న కోరిక తగ్గుతోంది, ఆ పని పూర్తి కాకూడదన్న కోరిక పెరుగుతోంది.