దీపావళి ఎవరి వంతు?

ముందే ఒప్పేసుకుంటున్నా: గోరంతను కొండంత చెయ్యకపోతే నాకు అన్నం సయించదు. అంకెలన్నీ పదితో భాగించి చదువుకోండి. కోపాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి.

ఉదయం ఆరున్నరకు నెల్లూరులో రైలెక్కాను. మా చెల్లెలు సరళకూ రఘుకూ విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ల కూతురు చిన్ని ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో మైలాపూరులో ఒక లాయరమ్మ దగ్గర రాసుకుంటున్నారు. నేను సాక్షిని. బోగీలో నాలుగు వేలమంది, ఒక్క ఫ్యాను. గూడూరులో కొన్న ఇడ్లీలతో ప్రహరీగోడ కట్టొచ్చు.

మద్రాసు సెంట్రల్‌లో దిగి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటి, పార్క్ టౌన్‌లో మైలాపూరు రైలెక్కాను. పక్కనున్న వాషర్‌మెన్‌పేట్ పెద్దాయన "యాడికి సామీ?" అని ఆరా తీశాడు. చెప్పాను.

"బిడ్డకు టైంటేబులా? ఈ రైలుకే లేదే!" అన్నాడు.

పదకొండుకు ఆఫీసు చేరాను. ఒప్పందం నూట డెబ్బై పేజీలు. ఏ ఇంట్లో ఏ రంగు పేస్టుతో పళ్లు తోమాలో కూడా ఉంది. బడి రోజులు, ఎండాకాలం సెలవులు సాఫీగా కుదిరాయి. దీపావళి దగ్గర బండి ఆగింది.

"దీపావళి మా ఇంట్లోనే. తాతల నాటి నుంచి మద్రాసోళ్లం" అన్నాడు రఘు.

"పిల్లను కన్నది మీ తాతలా?" అంది సరళ.

"ఒక ఏడు ఈడ, ఒక ఏడు ఆడ. రాసేదా?" అంది లాయరమ్మ.

గంటన్నర అరుచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్లకు బుద్ధి నేర్పే ఉద్యోగాలు ఇద్దరివీ! అప్పుడు బయట బెంచీ మీదున్న చిన్ని తలుపు తోసుకుని వచ్చింది.

"ఎందుకీ సండ, ఈ కొట్లాట? నాన్నోళ్ల దీపావళి తెల్లారకముందే. తలంటు, టపాసులు, అంతే. అమ్మోళ్లది అమావాస్య సాయంత్రం, దీపాలు పెట్టినాక. నాకు రెండూ కావాల."

లాయరమ్మ చేతిలోంచి పెన్ను జారిపడిన చప్పుడు వ్యాసర్పాడి దాకా వినపడింది. కొట్టేసి మళ్లీ రాశారు: తెల్లవారుజాము నాన్నకు, సాయంత్రం అమ్మకు.

తిరుగు రైలు సూళ్లూరుపేట దాటింది. కల్పించింది ఏదో చెప్పేస్తాను. నాలుగు వేలమంది సంగతి మీకెలాగూ తెలుసు. చిన్ని తలుపు తోసుకుని రాలేదు. ఎవరూ పిలవలేదు. "ఒక ఏడు ఈడ, ఒక ఏడు ఆడ" అన్నదాని మీదే సంతకాలయ్యాయి. రెండూ కావాలన్న మాటలు పిల్ల తర్వాత మెట్లు దిగుతూ నాతో అంది.

ఇదే పని మీద మీరెవరైనా మైలాపూరు వెళ్తే, టికెట్టు కొనకముందే పిల్లను అడగండి. ఇక్కడ చిన్ని ఏడాదికో దీపావళి పోగొట్టుకున్న కాగితం మీద సాక్షి సంతకం నాదే.