కుట్టు లోపలి బట్ట

ఆ దర్జీకి ఒక అలవాటు ఉండేది. నడుము కొలత పైకి చదవడు. టేపు చుట్టి, చూసి, సుద్దముక్కతో బట్ట మీద రాసుకుంటాడు, లావైనవాళ్ళు నొచ్చుకోకూడదని. ప్యాంటు వెనక కుట్టు లోపల ఎప్పుడూ కాస్త బట్ట వదులుతాడు. మనిషి అన్నాక ఒళ్ళు చేస్తాడు. అప్పుడు విప్పితే సరిపోతుంది.

దర్జీ అక్క భర్త ఆ ఏడు నడక మొదలుపెట్టాడు.

“ఏరా బావమరిదీ, ప్యాంటు జారిపోతోంది. నడిరోడ్డు మీద పరువు పోయేలా ఉంది.”

“ఉంటేగా బావా, పోవడానికి!”

దర్జీ నడుము దగ్గర పట్టి కుట్టాడు. ఆ కాసేపట్లోనే బావ దుకాణంలోని కూజా ఖాళీ చేశాడు. ఒంటేలుకని రెండుసార్లు వెనక్కి వెళ్ళొచ్చాడు.

“నడిచేవాడికి దాహం ఉండదూ?” అన్నాడు దర్జీ.

బావ మళ్ళీ వచ్చాడు. దర్జీ మళ్ళీ పట్టి కుట్టాడు. చొక్కాలూ బిగించాడు. “మా బావని చూడండి, కుర్రాడైపోయాడు,” అని వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. బావ ముఖం పీక్కుపోయింది. అదీ చూశాడు. వయసు అనుకున్నాడు.

చివరిసారి కుట్టు లోపల బట్ట దొంతరగా చేరి ఒత్తుకుంటోంది.

“ఇక దీనితో పనేముంది? మళ్ళీ లావవుతావా ఏంటి?” అని కత్తెర వేశాడు.

“బావమరిది బతకగోరతాడని ఊరికే అన్నారా!” అన్నాడు బావ.

కొత్త బూటు కరిచి బావ చిటికెన వేలు పుండైంది. మానలేదు. నల్లబడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

“షుగర్ బాగా ఎక్కువగా ఉంది,” అన్నాడు డాక్టరు. “నడక మంచిదే. కానీ ఒట్టి నడకకి మనిషి ఇంతలా చిక్కిపోడు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం... ఇంట్లో ఎవరూ గమనించలేదా?”

“బట్టలు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవండీ,” అంది అక్క. “వదులైతే తెలిసేది.”

గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడి వైపు ఆమె చూడలేదు. చూసి ఒక మాట అన్నా బాగుండేది.

వేలు తీసేశారు. పాదం దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆ రోజుల్లో ఎవరైనా ప్యాంటు బిగించమని వస్తే, దర్జీ టేపు చేత్తో పట్టుకుని అడిగేవాడు.

“ఎందుకు తగ్గారు? దాహం ఎక్కువగా ఉంటోందా? ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.”

“కుట్టమంటే కుట్టవయ్యా. డాక్టరువా నువ్వు?”

కుట్టేవాడు. అప్పటినుంచి కోసిన బట్ట మాత్రం ఎవరిదీ పారేయలేదు.

పాదం దక్కింది. మందులు, వేళకి తిండి, రోజూ పాదాలు చూసుకోవడం. కొన్నాళ్ళకి బావ ప్యాంటు చేత పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నడకలో చిన్న కుంటు.

“కొద్దిగా ఒళ్ళు వచ్చిందిరా. మంచిదే అన్నాడు డాక్టరు. విప్పు, లోపల బట్ట ఉంటుందిగా.”

దర్జీ కుట్టు విప్పలేదు.

“లేదు బావా. నేనే కోసేశాను.”

“నేను చూస్తూనే ఉన్నాగా,” అన్నాడు బావ. “వేరే రంగు ముక్క వెయ్. చొక్కా కింద ఎవడు చూడొచ్చాడు?”

దర్జీ టేపు చుట్టాడు. కొలత పైకి చదివాడు. తర్వాత పాదం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, “చెప్పు విప్పు,” అన్నాడు.

“ప్యాంటుకి పాదం కొలతెందుకురా?”

దర్జీ పాదం ఎత్తి వెలుతురు వైపు తిప్పాడు.